నిద్రాసాక్ష్యం

కనకవల్లికి వాసన లేదని ప్రభుత్వం లిఖితపూర్వకంగా ధ్రువీకరించింది. బంధ నిర్ధారణ కేంద్రం ముద్ర వేసి ఇచ్చిన అరపేజీ కాగితంలో ఆమె పేరుకు ఎదురుగా "సహజ శరీరగంధం: నమోదు కాలేదు" అనీ, దాని కింద "బాలిక నిద్రాస్పందన: శూన్యం" అనీ ఉంది. తేదీతో పాటు వేళ కూడా వేశారు. ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలు.

ఆ కాగితాన్ని ఆమె రెండుసార్లు చదివింది. రొయ్యల శుద్ధి కర్మాగారంలో పదకొండేళ్లుగా సరుకు నాణ్యత చూసే మనిషికి నివేదికలు కొత్త కాదు. పనికిరాదని తేల్చిన పెట్టెల మీద ఆమె వేసే ముద్ర కూడా ఇంచుమించు ఇదే రంగులో ఉంటుంది.

"వాసన లేకపోవడమేంటండీ? మనిషన్నాక ఏదో ఒహటి ఉండదా?"

బల్లకు అవతల కూర్చున్న డాక్టర్ మృణాళిని ఆ కేంద్రానికి అధిపతి. ఈ పరీక్షను కనిపెట్టింది కూడా ఆవిడే. అరవై దాటిన మనిషి. మాట తూచి వదులుతుంది. "చేతులు చూపించండి" అన్నది.

కనకం చూపించింది. అరచేతులు తెల్లగా పాలిపోయి, గీతలు అరిగిపోయి ఉన్నాయి.

"క్లోరిన్ నీళ్లలో రోజుకు ఎన్నిసార్లు ముంచుతారు?"

"గంటకి రెండు సార్లండి, మోచేతుల దాకా. ఇంటికెళ్లేముందు ఒళ్లంతా అక్కడే కడిగేసుకుంటాం. లేపోతే ఆటోవాడు కూడా ఎక్కించుకోడు."

"మనిషికి వాసన ఇచ్చేది చెమట కాదు, చర్మం మీద బతికే సూక్ష్మజీవులు. పదకొండేళ్లుగా మీరు వాటిని బతకనివ్వలేదు."

"మరి నా దగ్గర ఆ క్లోరిన్ వాసనే వస్తాది కదండీ! మా పిల్ల దాంతోనే నన్ను పోల్చుకుంటాది. గుమ్మంలో అడుగెట్టకుండానే 'రొయ్యల రాణి వచ్చిందహో' అని అరుస్తాది."

"అది బయటి వాసన. పది రోజులు పనికి వెళ్లకుండా ఉండి రమ్మన్నది అందుకే. బయటి వాసనలన్నిటినీ వడగట్టి తీసేయాలని చట్టానికి అనుబంధంగా ఒక జాబితా ఉంది. అది నేను రాసింది కాదు."

ఆ చివరి మాట ఆవిడ చాలామందితో చెప్పి ఉంటుందని కనకానికి అనిపించింది. అరిగిపోయిన మాట అది.

ఆ పరీక్ష నిజానికి దయలోంచి పుట్టింది. ఒక పెనుతుపానులో తల్లుల నుంచి తప్పిపోయిన పసికందులను ఎవరి బిడ్డను వారికి చేర్చడానికి మృణాళిని దాన్ని తయారుచేసింది. నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గరికి సన్నటి గొట్టం గుండా ఒక్కొక్క స్త్రీ కట్టివిడిచిన బట్ట మీది గాలిని పంపేవారు. బిడ్డ తలకు తొడిగిన తీగల టోపీ, తెర మీద ఒక గీతను గీస్తూ ఉండేది. తల్లి గాలి తగలగానే ఎగిరెగిరి పడుతున్న ఆ గీత ఒక్కసారిగా చదునైపోయేది. నూట పన్నెండు మంది బిడ్డలు అలా తల్లుల ఒళ్లోకి చేరారు.

తరువాత కొన్నాళ్లకు, ఆస్తి కోసం సవతి పిల్లలను దత్తత తీసుకున్న కేసులు రెండు మూడు పత్రికలకెక్కాయి. చట్టసభ ఆ పరీక్షను ఎత్తుకుపోయి సవతి సంతాన దత్తతకు షరతుగా పెట్టింది. బిడ్డ మెదడులో ఆ గుర్తు పద్దెనిమిది నెలల లోపే పడుతుందనీ, ఆ తరువాత వచ్చినవారు ఎంత ప్రేమించినా దాని చోటు తీసుకోలేరనీ మృణాళిని తన మొదటి వ్యాసంలోనే రాసింది. చట్టం రాసినవారు ఆ వ్యాసాన్ని ఉదహరించారు, చదవలేదు.

లాస్యకు పద్నాలుగో నెల నడుస్తుండగా కన్నతల్లి సుభాషిణి మెదడువాపు జ్వరంతో చనిపోయింది. కనకవల్లి ఆ ఇంటికి వచ్చేనాటికి పిల్లకు రెండున్నరేళ్లు. ఇప్పుడు ఆరున్నర.

*

"చట్టం దృష్టిలో నువ్వు ఆ పిల్లకి ఎవరివీ కాదు. అది ముందు ఒంటపట్టించుకో" అన్నది న్యాయవాది ఫణికుమారి. "తండ్రికి భార్యవి, అంతే. భార్యగా నీకు ఆయన ఇంట్లో వాటా వస్తుంది. పిల్ల రాదు."

"నాలుగేళ్లు పెంచానండి."

"ఆయాలు కూడా పెంచుతారమ్మా. ఉమాపతిగారికి ఏదైనా అయితే పిల్ల రక్తసంబంధీకులకి వెళ్తుంది. అంటే రాయపూర్‌లో ఉన్న ఆయన అన్నగారికి. ఆయన అప్పుడే అర్జీ కూడా పెట్టేశాడు."

ఉమాపతి రేవులో క్రేను నడిపేవాడు. ఊపిరితిత్తులు గట్టిపడి రెండేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. ఎన్నాళ్లో వైద్యులు చెప్పడం మానేశారు. అన్నగారు పిల్లను ఒక్కసారే చూశాడు, అదీ బారసాలనాడు.

"ఆయనకి పెట్టరా ఈ నిద్ర పరీక్ష?"

"రక్తానికి పరీక్ష లేదు. సవతికే."

కనకం కేంద్రం ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. తరువాత అడిగింది: "పోనీ పిల్లనే అడగొచ్చు కదా? నోరుంది దానికి. నోరంటే మామూలు నోరు కాదండి బాబూ."

"పదేళ్లు నిండేదాకా పిల్ల మాట చెల్లదు. నిద్రే చెల్లుతుంది." ఫణికుమారి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "దారి ఒకటుంది. పరీక్ష తప్పిన సవతి తల్లులు మరీ ఎక్కువైపోయారని ఆ డాక్టరమ్మే పట్టుబట్టి ఒక సవరణ తెప్పించింది. వారసగంధం అంటారు. చనిపోయినావిడ కట్టి విడిచిన బట్ట ఉతక్కుండా ఎక్కడైనా ఉంటే, దానిమీద ఎండిపోయి ఉన్న జీవాల్ని మళ్లీ లేపి నీ ఒంటి మీద పెంచుతారు. అప్పుడు పిల్ల నిద్రకి నువ్వు తల్లివే. పిల్లకి పదేళ్లొచ్చేదాకా ఏడాదికోసారి చూపించుకోవాలి. మధ్యలో తేడా వస్తే ఉత్తర్వు రద్దు."

"అంటే క్లోరిన్ ముట్టుకోకూడదు."

"ఉద్యోగం మానెయ్యాలి. ఇంకోటి, పోయినావిడ సమ్మతి పోయినావిడ ఇవ్వలేదు గనక, ఆవిడ తల్లి ఇవ్వాలి."

*

సుభాషిణి తల్లి శేషారత్నం ఉప్పుటేరుకు అవతలి ఒడ్డున ఒంటరిగా ఉంటుంది. నాలుగేళ్లలో ఆమె కనకంతో అన్న మాటలన్నీ కలిపితే ఒక పోస్టు కార్డు నిండదు. ఆ రోజు మాత్రం చెప్పినదంతా మధ్యలో ఆపకుండా విన్నది. తరువాత లేచి వెళ్లి, వంటింటి అటక మీది నుంచి ఒక జాడీ దింపింది. మూతికి పాత పంచె గుడ్డ వాసెన కట్టి, చుట్టూ మైనం పోసి ఉంది.

"ఊరగాయ కాదు" అన్నది. "దాని జాకెట్టు. ఆస్పత్రికి తీసుకెళ్లేముందు విప్పింది. ఇంట్లో ఉన్నవన్నీ చాకలికి వేసేశారు. ఇది నేను దాచాను. ఏడాదికోసారి, అది పోయిన తిథినాడు వాసెన విప్పి ఒక్కసారి మొహం పెట్టి మళ్లీ కట్టేస్తాను. రెండోసారి పీలిస్తే అయిపోతుందేమోనని భయం."

కనకం జాడీ వైపు చాచిన చేయి వెనక్కు తీసుకుంది.

"రేపు కోర్టు వాళ్లు పిల్ల జనన పత్రంలో తల్లి పేరు మారుస్తారట కదా?"

"మారుస్తారండి, పెద్దమ్మగారూ. దత్తతంటే అదేనంట."

"అయితే కాగితం మీద నా కూతుర్ని చంపేసి, నీ ఒంటి మీద బతికిస్తావన్నమాట." శేషారత్నం జాడీని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎండ వాకిట్లోంచి గోడమీదికి ఎక్కింది. "రాయపూర్ వాడి చేతిలో పడితే పిల్ల మొహం కూడా నాకు చూపించడు. తీసుకుపో. ఒక్కటే అడుగుతున్నాను. శుక్రవారం శుక్రవారం మీ ఇంటికి వస్తాను. నీ పక్కన కాసేపు కూర్చోనీ. మాట్లాడక్కర్లేదు."

సమ్మతి పత్రం మీద ఆవిడ తన పేరు ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది. జాడీని అందించాక మాత్రం దాని మూతి మీది నుంచి చేయి వెంటనే తీయలేదు.

*

జాకెట్టు చంకగుడ్డ నుంచి గోరంత ముక్క కోసి, గాజుపళ్లెంలో వెచ్చగా ఉంచారు. తొమ్మిదో రోజున పళ్లెంలో బూడిద రంగు మచ్చలు కనిపించాయి. ఐదేళ్లు ఎండి పడివున్నవి లేచాయని అక్కడి సహాయకురాలు సంబరంగా చెప్పింది. మృణాళిని మాత్రం పళ్లెం వైపు చూడకుండా వివరాలు రాసుకుంది.

ఇరవై ఒక్క రోజుల పాటు ఉదయం, సాయంత్రం కనకం మెడకూ, చంకల్లోనూ, రొమ్ముల మీదా తెల్లటి లేపనం రాశారు. సబ్బు నిషేధం. కర్మాగారంలో ఆమె గుర్తింపు కార్డు వెనక్కు తీసుకున్నారు.

తన ఒంటి వాసన తనకు తెలియదు; అది మనిషి ముక్కు స్వభావం. కాబట్టి సుభాషిణి ఎప్పుడు వచ్చిందో కనకానికి తెలియలేదు. ఇతరుల ముఖాలు చూసి తెలుసుకోవలసి వచ్చింది. ఒకనాడు మందుబిళ్లలు ఇవ్వడానికి ఉమాపతి మీదికి వంగింది. అతను బిళ్ల నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు" అని తల తిప్పుకున్నాడు. అతని చెవుల దాకా ఎరుపెక్కింది, ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా.

రెండో పరీక్ష ఒక మధ్యాహ్నం జరిగింది. భోజనం పెట్టి లాస్యను నిద్రపుచ్చి టోపీ తొడిగారు. అద్దానికి ఇవతల కనకం నిలబడింది. గొట్టంలోంచి గాలి వదిలిన మూడో శ్వాసకు తెరమీద గీత చదునైంది. పిల్ల పిడికిళ్లు విడిపోయాయి. పెదవులు పాలు తాగుతున్నట్టు కదలడం మొదలుపెట్టాయి. ఆరున్నరేళ్ల పిల్ల, ముందు పళ్లు ఊడి కొత్తవి వస్తున్న పిల్ల.

"నూటికి తొంభై నాలుగు" అన్నది సహాయకురాలు.

ఆనందపడాలని కనకానికి తెలుసు. కానీ అద్దం అవతల తన పిల్లను ఎవరో ఎత్తుకుని ఉన్నట్టు అనిపించి, ఆమె గాజు మీద చేయి ఆనించింది.

"నాలుగేళ్లలో ఎప్పుడూ ఇట్టా పడుకోలేదండి" అన్నది మృణాళినితో. "లేచాక ఎట్టా ఉంటాదంటారు?"

"పగటి ప్రవర్తనను మేము కొలవం" అన్నది మృణాళిని. ఇది కూడా అరిగిన మాటే కావాలి. కానీ ఈసారి ఆవిడ అక్కడితో ఆగలేకపోయింది. "తుపానులో నా దగ్గరికి వచ్చిన పిల్లలు తల్లులను వెతుక్కుంటున్న పిల్లలు, కనకవల్లిగారూ. మీ పిల్ల ఎవరినీ వెతుక్కోవడం లేదు. ఆ తేడాను కొలిచే యంత్రం నేను తయారుచేయలేదు."

"అయితే ఈ మాట కోర్టులో చెప్పరాదా?"

"మూడుసార్లు చెప్పాను. నిపుణురాలి స్వంత అభిప్రాయం అని కొట్టేశారు."

*

మార్పు నెమ్మదిగా వచ్చింది. పైకి చూస్తే మంచి మార్పే. అంతకుముందు ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే జడల యుద్ధం జరిగేది.

"కదిలావంటే రొయ్యని ఒలిచినట్టు ఒలిచేస్తాను."

"నీకు రొయ్యలే వచ్చు, జడలు రావు! ఒక జడ తూర్పుకి పోయింది, ఒకటి పడమరకి పోయింది. మా టీచరు నవ్వుతాది పిన్నీ!"

"మీ టీచర్ని వచ్చి వెయ్యమను."

ఇప్పుడు లాస్య కదలకుండా కూర్చుంటుంది. జడ వేస్తున్నంతసేపూ కళ్లు సగం మూసుకుంటుంది. పెట్టింది తింటుంది. పక్కన చేరి చీర చెంగు పట్టుకుని పడుకుంటుంది. కానీ వెక్కిరించడం మానేసింది. బడి కబుర్లు చెప్పడం మానేసింది. ఏ పేరు పెట్టీ పిలవడం లేదు. ఒకరోజు నీళ్లు కావాలని, "కొంచెం మంచినీళ్లిస్తారా అండి?" అని అడిగింది. చుట్టపుచూపుగా వచ్చిన పెద్దవాళ్లను అడిగినట్టు.

కనకం గ్లాసు అందించి, నవ్వుతాలుకు, "ఏంటే రాకాసీ, కొత్తగా అండీలూ గిండీలూ?" అన్నది.

లాస్య ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. కళ్లు, ముక్కు, గడ్డం కింద కాలిన మచ్చ, అన్నీ ఒక్కొక్కటిగా చూసింది. నీళ్లు తాగి, గ్లాసు రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

శేషారత్నం ప్రతి శుక్రవారం మాట ప్రకారం వచ్చేది. అరుగు మీద కనకం పక్కన కూర్చుని కళ్లు మూసుకునేది. మూడో వారం తల ఆమె భుజం మీద వాల్చింది. కనకం కదలలేదు. ముసలావిడ వెళ్లేటప్పుడు, "వస్తానే తల్లీ, మందులు వేసుకుంటున్నావా?" అని అడిగి, రెండడుగులు వేశాక తానేం అడిగిందో తెలిసి, వెనక్కు తిరగకుండా గబగబా వెళ్లిపోయింది.

శ్రావణం చివర ఉమాపతికి ఆయాసం పెరిగింది. న్యాయస్థానం నుంచి వచ్చిన అధికారి మంచం దగ్గరే అతని వాంగ్మూలం తీసుకుని సంతకం చేయించాడు. కనకవల్లికి పిల్లను ఇవ్వడానికి తనకు సంపూర్ణ సమ్మతి అని అతను మూడు విడతలుగా, ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు. అతను ఆమెను ఆమె పేరుతో పిలిచింది అదే ఆఖరుసారి.

తొమ్మిది రోజుల తరువాత, మధ్యాహ్నం, గంజి చల్లార్చి తెచ్చింది. కిటికీ లోంచి గాలి ఆమె మీదుగా మంచం వైపు వీస్తోంది. ఉమాపతి కళ్లు తెరిచాడు. ఆమె ఎన్నడూ ఎరగని నవ్వు అతని ముఖం మీదికి వచ్చింది, పడుచువాడి నవ్వు.

"గుమ్మంలో నిలబడ్డావేం, సుభా? రా."

రెండేళ్లు అతని మలమూత్రాలు ఎత్తింది కనకం. చెమట తుడిచింది, ఊపిరి లెక్కపెట్టింది. నేను సుభాషిణిని కానని చెప్పడానికి ఆమెకు సర్వహక్కులూ ఉన్నాయి. అతనికి మిగిలిన ఊపిరి ఎంతో కూడా ఆమెకు తెలుసు.

"ఆఁ, వచ్చాను" అన్నది.

"ఎంతసేపైందే వెళ్లి... పిల్ల ఏడుస్తోంది, చూడు."

"చూస్తాను. మీరు పడుకోండి."

అతను ఆమె మెడవంపులో ముఖం పెట్టుకున్నాడు. అలాగే పోయాడు, తృప్తిగా, భార్య ఒళ్లో. ఏ భార్య అన్న ప్రశ్న మరణ ధ్రువపత్రంలో ఉండదు. భర్త పోయినందుకు ఎలా ఏడవాలో కనకానికి తెలుసు. అతను వీడ్కోలు చెప్పింది తనకు కానప్పుడు ఎలా ఏడవాలో తెలియక, చాలాసేపు గంజి గిన్నె పట్టుకునే కూర్చుంది.

*

"వాంగ్మూలం ఉంది, సంతకం ఉంది, తొంభై నాలుగు ఉంది. కేసు రాయిలా నిలబడుతుంది" అన్నది ఫణికుమారి, విచారణ రోజు ఉదయం. "నువ్వేమీ మాట్లాడకు."

రాయపూర్ నుంచి వచ్చిన అన్నగారి వకీలు పావుగంట వాదించాడు. దరఖాస్తుదారు బతుకుతెరువు పోగొట్టుకున్నదన్నాడు; ఇప్పుడు విధవ కూడానన్నాడు. న్యాయమూర్తి నిద్రాసాక్ష్యం నివేదికను ఒకసారి పైకి చదివించాడు. వకీలు కూర్చున్నాడు. ఆ అంకెకు ఎదురు వాదన చట్టంలోనే లేదు.

వెనుక వరుసలో శేషారత్నం, ఆవిడకు రెండు కుర్చీల అవతల మృణాళిని కూర్చున్నారు. ఒకరినొకరు ఎరగరు.

పదేళ్లలోపు పిల్లల మాట సాక్ష్యంగా చెల్లకపోయినా, ఉత్తర్వు ఇచ్చేముందు న్యాయమూర్తి ఒక్క ప్రశ్న అడిగి రాయించుకోవడం ఆనవాయితీ. లాస్యను ముందుకు పిలిచారు. న్యాయమూర్తి పెద్దమనిషి, మనవరాలితో మాట్లాడినట్టు ముందుకు వంగాడు.

"ఏమ్మా, భయం లేదు. అక్కడ కూర్చున్నావిడ నీకేమవుతారు?"

లాస్య వెనక్కు తిరిగి కనకాన్ని చూసింది. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"అమ్మండి."

స్టెనో వేళ్లు టకటకలాడాయి. ఫణికుమారి బల్ల కింద కనకం చేయి నొక్కింది. వెనుక వరుసలో శేషారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"శభాష్. వెళ్లి కూర్చో."

లాస్య వెళ్లలేదు. బల్ల అంచు పట్టుకుని, మునివేళ్ల మీద నిలబడింది.

"అమ్మ వచ్చేసింది కదండీ. మరి మా పిన్నిని ఎప్పుడు పంపిస్తారండి?"

స్టెనో చేతులు గాలిలో ఆగాయి. అతను న్యాయమూర్తి వైపు చూశాడు. న్యాయమూర్తి పిల్ల వైపు, తరువాత ముందున్న నివేదిక వైపు చూశాడు. కనకం కుర్చీలోంచి సగం లేచింది. ఆమెకు కావలసిన సాక్ష్యం ఈ లోకంలో ఒకే ఒక్కరు చెప్పగలరు, ఇప్పుడే చెప్పారు. ఆ సాక్ష్యం నమోదైతే కేసు పోతుంది. పిల్ల రాయపూర్ పోతుంది.

ఫణికుమారి ఆమె మోచేయి పట్టి గట్టిగా కిందికి లాగింది. కనకం కూర్చుంది.

"ప్రశ్నకు జవాబు వచ్చింది" అన్నాడు న్యాయమూర్తి, కొంచెం ఆగి. "అంతవరకే రాయి."

పన్నెండు గంటల పది నిమిషాలకు ఉత్తర్వు చేతికి వచ్చింది. బాలిక: లాస్య. తల్లి: కనకవల్లి. మృణాళిని ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. అన్నగారు రైలు వేళ చూసుకుంటున్నాడు.

లాస్య వరండాలో, న్యాయస్థానం తలుపుకు ఎదురుగా నిలబడి ఉంది. లోపల నుంచి మనుషులు ఒక్కొక్కరుగా బయటికి వస్తున్నారు. వచ్చిన ప్రతి ఆడమనిషి ముఖంలోకీ తలెత్తి చూస్తోంది. చూసి, పక్కకు జరిగి దారి ఇస్తోంది. కనకం వెళ్లి ఆ పిల్ల పక్కన నిలబడింది. నేనేనే పిచ్చిదానా అనే మాట గొంతు దాకా వచ్చింది. పిల్ల పదో పుట్టినరోజుకు ఇంకా మూడున్నరేళ్లు ఉంది. పరీక్షలు ఇంకా మూడున్నాయి. ఆ మాటను ఆమె మింగేసింది.

ఆఖరి మనిషి బయటికి వచ్చాక బంట్రోతు తలుపు మూశాడు.

"ఇంకాసేపు చూద్దామా?" అని అడిగింది కనకం.

లాస్య ఆమె చెంగు పట్టుకుంది. కళ్లు మాత్రం తలుపు మీది నుంచి తిప్పలేదు.

"చూద్దామండి."